సుద్దగుర్తు పడని గది

పోయిన వారం దేవమణిని లైబ్రరీ మెట్ల మీద, చంకలో లాప్‌టాప్‌తో, పాలిపోయిన మొహంతో వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. మధ్యలో వచ్చి చేరిన పాఠకుల కోసం ఆమెను మరో నిమిషం అక్కడే నిలబెట్టి జరిగింది చెబుతాను. ముందునుంచీ చదువుతున్నవాళ్లు ఈలోగా ఒక గుక్క కాఫీ తాగవచ్చు.

దేవమణి ఖరగ్‌పూర్ పిల్ల. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన ఆర్థర్ గారి ఒక్కగానొక్క కూతురు. చక్కగా చదువుకుని, ఆ ఊరి యూనివర్సిటీలోనే కంప్యూటర్ సెంటర్‌లో ఇంజనీరు ఉద్యోగం సంపాదించుకుంది. ఆ ఏడు, అంటే తొంభైతొమ్మిదిలో, తీగ అక్కర్లేకుండా గాలిలోనే ఇంటర్నెట్‌ను అందించే పెట్టెలు యూనివర్సిటీకి వచ్చాయి. కొత్త వింత కాబట్టి ప్రతి డిపార్టుమెంటూ మాకంటే మాకని ఎగబడింది. పెట్టెలు చూస్తే తక్కువ, భవనాలేమో ఎక్కువ. ఏ పెట్టెను ఏ గోడకు తగిలిస్తే ఎన్ని గదులకు అందుతుందో కొలిచి ప్లాను గీసే పనిని సెంటర్ హెడ్ ఘోషాల్ గారు దేవమణికి అప్పజెప్పారు.

ఆమె గీసిన ప్లాను ప్రకారమే పెట్టెలు బిగించారు. ఢిల్లీ నుంచి పెద్దలు చూడడానికి వచ్చి, పాత లైబ్రరీ కింది అంతస్తులో పాత పత్రికల గదిలో కూర్చున్నారు. వాళ్ల ముందు లాప్‌టాప్ తెరిస్తే ఒక్క పేజీ వస్తే ఒట్టు. ఘోషాల్ గారు తల ఎత్తుకోలేకపోయారు. అటెండర్ల మీద అజమాయిషీ చేసే విల్‌ఫ్రెడ్ గారు మాత్రం ఆ సాయంత్రానికల్లా దోషిని పట్టేశారు. పెట్టె ఉన్నది మెట్ల మలుపులో గోడకే అయినా దాని ప్లగ్గు కింది గదిలో అటెండర్ స్టూలు పక్కనే ఉంది. ఆ స్టూలు మీద కూర్చునే జ్ఞానరత్నం, టీ నీళ్లు కాచుకోవడానికి పెట్టె ప్లగ్గు పీకేసి తన హీటరు పెట్టుకుందని ఆయన తేల్చారు. అడిగితే జ్ఞానరత్నం అవునంది.

ఆ జ్ఞానరత్నం దేవమణికి సొంత మేనత్త. ఆఫీసర్లలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. అత్త ప్లగ్గు ముట్టుకోలేదని దేవమణికి తెలుసు. పెద్దలు కింద తెల్లమొహాలు వేసుకుని కూర్చున్నప్పుడే ఆమె గబగబా పై అంతస్తుకు వెళ్లి చూసింది. పైన సిగ్నలు నిండుగా ఉంది. పెట్టె నిక్షేపంలా పనిచేస్తోంది. అయినా ఆమె కిందికి వచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ మర్నాడు మధ్యాహ్నం, జ్ఞానరత్నం మీద రేపు పదకొండింటికి విచారణ అని విని, మెట్ల మీద కొయ్యబారిపోయింది. అక్కడ ఆపాం కిందటిసారి.

ఇక కదులుదాం.

దేవమణి సెంటర్‌కు తిరిగి వెళ్లలేదు. తలనొప్పి అని కబురు పెట్టి, సైకిలెక్కి ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ దారి పట్టింది. తండ్రి రిటైరై క్వార్టర్ ఖాళీ చేశాక వాళ్ల కాపురం తాల్‌బగీచాకు మారింది. అప్పటినుంచి ఆమె ఈ సందుల్లోకి రావడం ఆదివారం చర్చికి వచ్చినప్పుడే, అదీ రిక్షాలో. ఆ మధ్యాహ్నం సైకిల్ మీద కనబడేసరికి గుమ్మాల్లో కూర్చున్నవాళ్లంతా పలకరించడం మొదలుపెట్టారు. నాన్నకు బాగుందా అని ఒకరు, పెద్ద ఆఫీసరువి అయిపోయావు మమ్మల్నేం గుర్తుపడతావులే అని ఇంకొకరు. మామూలు రోజైతే నవ్వేసి పోయేది. ఆవేళ ఒక్కొక్క మాటా ఎవరో పనిగట్టుకుని అన్నట్టే తగిలింది.

జ్ఞానరత్నం ఉండేది లూకా గారనే రైల్వే ఉద్యోగి క్వార్టర్ వెనక అద్దె గదిలో. భర్త పోయాక ఆయన పేరు మీది క్వార్టర్ రైల్వేవాళ్లు తీసేసుకుంటే, పిల్లాజెల్లా లేని మనిషి, ఈ గదిలోకి చేరింది. అప్పటికే దేవమణి తల్లి కామెర్లతో పోయి రెండేళ్లు. ఆర్థర్ గారు షిఫ్టు డ్యూటీల మనిషి. పిల్లకు జడ వేసిందీ, అన్నం తినిపించిందీ, స్కూల్లో దింపిందీ అత్తే. ఇవన్నీ దేవమణికి గుర్తు లేకపోలేదు. గుర్తు ఉండడమే ఇప్పుడు ఆమె ప్రాణానికి వచ్చింది.

వెళ్లేసరికి జ్ఞానరత్నం యూనిఫారం నీలంచీర ఉతికి, గంజి పెట్టి, దండెం మీద ఆరేస్తోంది. రేపటి విచారణకు శుభ్రంగా వెళ్లాలి కదా.

"ఏటమ్మడూ, ఇటేపు దారి గేపకం ఉందా నీకు?" అంది, చీర అంచు సాగదీస్తూనే. ఎత్తిపొడుపు కాదు అది. ఆమె మామూలుగా మాట్లాడే తీరే అంత. లోపలికి రమ్మని, ఉన్న ఒక్క కుర్చీ ముందుకు లాగి, పళ్లెంలో మూరీ, అంటే మరమరాలు, పోసి, ఆవనూనె చుక్కా పచ్చిమిరపకాయా వేసి కలిపి చేతికిచ్చింది. ఇన్నేళ్లు బెంగాల్లో ఉన్నాక తెలుగువాళ్ల ఇళ్లలోనూ సాయంత్రం ఫలహారం అదే.

దేవమణి మూరీ ముట్టుకోలేదు. తిన్నగా విషయంలోకి వెళ్లింది.

"నువ్వు ఆ ప్లగ్గు తియ్యలేదు కదత్తా. తీసినానని ఎందుకు ఒప్పుకున్నావు?"

జ్ఞానరత్నం మంచం పట్టె మీద కూర్చుని చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ప్లగ్గు కాదంటే మరేటని అడుగుతారు గదా. ఇదా అదా అని ఎతుకుతారు. ఎతికి ఎతికి నీ కాడికొస్తారు."

"నా దగ్గరికి ఎందుకొస్తారు?" అంది దేవమణి. అన్నాక, అనకుండా ఉంటే బాగుండేదనిపించింది.

ఇక్కడ నేను కాస్త వెనక్కి వెళ్లాలి, లేకపోతే అత్త అన్న తరువాతి మాట మీకు పూర్తిగా అందదు.

పూజా సెలవుల ముందు కొలతల పని జరిగిన తీరు ఇది. మండల్ దాదా అనే టెక్నీషియన్ ఒక పెట్టెను వెదురుగడ చివర కట్టి, మెట్ల మలుపులో ఎత్తి పట్టుకుని నిలబడతాడు. దేవమణి లాప్‌టాప్ చేతుల్లో పెట్టుకుని గదిగదికీ తిరుగుతుంది. తెర మీద సిగ్నలు గీత బాగా ఉన్నచోట నేల మీద సుద్దతో సున్నా చుడుతుంది, చచ్చిపోయినచోట ఇంటూ పెడుతుంది. తరువాత ఆ గుర్తులన్నీ భవనం నక్షా మీదికి ఎక్కిస్తుంది. పని అయ్యేదాకా నేల తుడవవద్దని అటెండర్లందరికీ ముందే చెప్పారు. పెట్టె ఎక్కడ ఉండాలో నిర్ణయించేవి ఆ సుద్దగుర్తులే కాబట్టి ఒక్క గది వదిలేసినా లెక్క తప్పుతుంది. ఇది ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తానే మండల్ దాదాకు పదిసార్లు చెప్పింది.

లైబ్రరీ పై అంతస్తు కొలిచింది. కింద రెండు గదులు కొలిచింది. మిగిలింది పాత పత్రికల గది. దానికి సగం ఎత్తు స్ప్రింగు తలుపులు. ఆమె ఆ తలుపు మీద చెయ్యి వేయబోతుండగా లోపలి నుంచి అత్త గొంతు వినబడింది. ఖరిదా నుంచి వచ్చే జోగమ్మ అని, అక్కడే పనిచేసే ఇంకో తెలుగావిడతో చెబుతోంది: "మా అన్న కూతురే. నా సేతుల్తో పెంచినాను. ఇప్పుడొస్తాది సూడు, ఆ మిషను పట్టుకుని. రాగానే అత్తా అంటాది."

సరిగ్గా అప్పుడే ఘోషాల్ గారు, ఎవరో విజిటింగ్ ప్రొఫెసర్‌ను వెంటబెట్టుకుని, పని ఎంతవరకు వచ్చిందో చూపిద్దామని మెట్లు దిగుతున్నారు. దేవమణి లోపలికి వెళితే అత్త నీలంచీరతో ఎదురొస్తుంది, అమ్మడూ అని గట్టిగా పిలుస్తుంది, ఆ పళంగా చెయ్యి పట్టుకుంటుంది, జోగమ్మకు చూపిస్తుంది. వెనక ఘోషాల్ గారు నిలబడి చూస్తారు. రేపటి నుంచి సెంటర్‌లో ఆమె అటెండర్ మేనకోడలు. ఇదంతా ఆలోచించడానికి పట్టిన సేపు కూడా పెద్దగా లేదు. దేవమణి తలుపు దాకా చాచిన చెయ్యి లాక్కుని వెనక్కి తిరిగి, "ఈ గది అయిపోయింది సార్" అనేసింది.

ఆ రాత్రి నక్షాలో ఆ గదికి, సరిగ్గా పైన ఉన్న చదువుకునే హాలు కొలతలు దించేసింది. రెంటి పొడవూ ఒకటే, గోడలూ ఒకటే, కిటికీలూ ఒకటే. తేడా ఒక్కటే ఉంది. పైన కొయ్య బల్లలు. కింద నేల నుంచి కప్పుదాకా ఇనప రాకులు, వాటి నిండా అట్టలు కట్టిన పాత పత్రికలు. ఇనుము సిగ్నలును మింగేస్తుంది. ఆ రాకుల సంగతి ఆమెకు తెలియదనుకునేరు. స్కూలు సెలవుల్లో అత్త ఆమెను డ్యూటీకి వెంట తీసుకెళ్లి ఆ రాకుల మధ్యే చాప వేసి కూర్చోబెట్టేది. బొమ్మల పత్రికలు తిరగేస్తూ, అర్థం కాకపోయినా ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ ఆమె చదువు మీద ఇష్టం పెంచుకున్నది ఆ గదిలోనే. కళ్లు మూసుకుని కూడా ఆ గది గీయగలదు. మరి నక్షా గీసేటప్పుడు ఆ రాకులు ఏమయ్యాయి? ఏమీ కాలేదు. అవి గుర్తొస్తే అత్త గుర్తొస్తుంది, అత్త గుర్తొస్తే ఆ తలుపు గుర్తొస్తుంది. అందుకని దేన్నీ గుర్తు రానివ్వలేదు. మనిషి తనను తాను మోసం చేసుకోవడానికి ఇంజనీరింగ్ డిగ్రీ ఏమీ అడ్డురాదు.

ఇప్పుడు మళ్లీ వెనక గదిలోకి వద్దాం.

"నా దగ్గరికి ఎందుకొస్తారు?" అని దేవమణి అడిగింది కదా. జ్ఞానరత్నం మేనకోడలి మొహంలోకి కాకుండా వాకిట్లో ఆరుతున్న చీర వైపు చూస్తూ చెప్పింది.

"అన్ని గదుల్లోనూ సుద్దగుర్తులెట్టినారు. మా గదిలో ఒక్కటీ నేదు. తుడవొద్దన్నారని నాను నేల ముట్టుకోనేదు. ముట్టుకోడానికి అక్కడేటుంది గనక."

దేవమణి చేతిలోని పళ్లెం మంచం మీద పెట్టేసింది.

"ఎవురో రానేదేమో, మరసిపోనారేమో అనుకుందునమ్మా. కానీ తలుపు కింద నీ సెప్పులు సూసినాను. వొచ్చినాయి, ఆగినాయి, మల్లిపోయినాయి."

అంతే అంది. గొంతు పెంచలేదు, నిష్ఠూరం ఆడలేదు. ఆడి ఉంటే దేవమణికి కొంచెం సులువయ్యేది. తిట్లకు ఎదురు చెప్పవచ్చు, ఏడవవచ్చు, కోపం తెచ్చుకోవచ్చు. జరిగింది జరిగినట్టు చెబితే ఏం చెయ్యాలి? సిగ్గుతో చచ్చిపోతున్నానని మనం ఊరికే వాడేస్తూ ఉంటాం. ఆ కుర్చీలో కూర్చున్న దేవమణికి ఆ మాట అక్షరాలా నిజమైతే బాగుండునని అనిపించింది. ఆమె తల వంచుకుంది. వంచుకుంటే కాళ్లకు ఆ చెప్పులే కనబడ్డాయి. కాళ్లు కుర్చీ కిందికి లాక్కుంది.

జ్ఞానరత్నం తన ధోరణిలో తను చెప్పుకుపోయింది. ఆ పొద్దుట మేనకోడలు కూర్చోవాలని కుర్చీ తుడిచి ఉంచిందట. వచ్చాక దాహమేస్తుందని కూజాలో నీళ్లు మార్చి పెట్టిందట. సాయంత్రందాకా చూసి, జోగమ్మ ఏదే మీ పిల్ల అని అడిగితే, పని ఎక్కువై రేపటికి వాయిదా వేసుకుందని సర్దిచెప్పిందట. ఆ తరువాత ఎప్పుడూ ఆ ఊసు ఎత్తవద్దని జోగమ్మ దగ్గర మాట తీసుకుందట. ఇవన్నీ తన తెలివితక్కువతనానికి తానే నవ్వుకుంటూ చెప్పింది.

"తప్పు నాదేలే. ఆపీసులో అలాటివి సెప్పుకోకూడదు. మీవోళ్ల ముందర నీకు నామోషీ గదా."

అదేం లేదత్తా అని దేవమణి అనాలి. ఎవరైనా అనే మాటే. నోటిదాకా వచ్చింది కూడా. అబద్ధమని ఇద్దరికీ తెలిసిన మాట పైకి అనడానికి ఆమెకు మొహం చెల్లలేదు. ఊరుకుంది. ఆమె ఊరుకోవడాన్ని అత్త విన్నది.

రేపు తానే వెళ్లి పెట్టె పనిచేస్తూనే ఉందని, పొరపాటు తన ప్లానులోదని చెప్పేస్తానంది దేవమణి. జ్ఞానరత్నం ఒప్పుకోలేదు. తాను ఎన్నాళ్లు చేస్తుంది, కీళ్లనొప్పులతో రాకుల మీది పుస్తకాలు దించడమే కష్టంగా ఉంది, పిల్లకైతే ముందంతా ఉంది అని వాదించింది. కానీ దేవమణికి అసలు సంగతి తెలుసు. టెంపరరీగా చేరి టెంపరరీగానే జుట్టు నెరిసిపోయిన జ్ఞానరత్నాన్ని ఈ ఏడు పర్మనెంట్ చెయ్యబోతున్నారు. అయితే పెన్షన్ వస్తుంది. కాకపోతే, ఆ వెనక గది అద్దె ఎవరు కడతారో, ముసలితనం ఎవరి పంచన గడుస్తుందో దేవుడికే తెలియాలి. పోయిన నెల ఆర్థర్ గారితో ఈ పర్మనెంట్ సంగతి చెప్పడానికి ఆమె ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి తాల్‌బగీచాదాకా నడిచి వచ్చింది. మాటా మాటకూ నవ్వింది ఆ రోజు. ప్లగ్గు పీకానని ఒప్పుకున్న క్షణంలో అదంతా వదిలేసుకుంది.

"బువ్వ తినెల్లు. వొండడానికెంత సేపు," అంది జ్ఞానరత్నం, సంభాషణ ముగిసినట్టు లేస్తూ. దేవమణి ఉండలేకపోయింది. నాన్న ఒక్కడే ఉన్నాడని చెప్పి సైకిలెక్కింది. నిజానికి ఆర్థర్ గారు ఆవేళ చర్చి కమిటీ వాళ్ల ఇంట్లో భోజనానికి వెళ్లారు. అత్తకు అదీ తెలిసే ఉంటుంది.

మర్నాడు పదకొండింటికి విల్‌ఫ్రెడ్ గారి గది. గోడకు తాళంచేతుల బోర్డు, మూలన విరిగిన కుర్చీలు, మధ్యలో పెద్ద బల్ల. ఒకవైపు విల్‌ఫ్రెడ్ గారు, పక్కన ఘోషాల్ గారు. బల్లకు ఇవతల, కూర్చోమన్నా కూర్చోకుండా, గంజిపెట్టిన నీలంచీరలో జ్ఞానరత్నం. దేవమణి వెళ్లేసరికి విల్‌ఫ్రెడ్ గారు అత్త ఒప్పుకోలు టైపు చేయించిన కాగితం సంతకానికి ముందుకు తోస్తున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. చూడబోతే ఈ పని త్వరగా తెమిలిపోతే చాలుననుకుంటున్నట్టే ఉన్నారు.

దేవమణి కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఆ రోజు పై అంతస్తులో సిగ్నలు నిండుగా ఉండడం తాను కళ్లారా చూశానని, అంటే ప్లగ్గు ఊడలేదని చెప్పింది. పాత పత్రికల గదిని తాను కొలవనేలేదని, పై హాలు కొలతలే దానికీ వేసేశానని, ఇనప రాకుల వల్ల అక్కడికి సిగ్నలు చేరలేదని చెప్పింది. పెట్టె ఉండవలసింది మెట్ల మలుపులో కాదు, ఆ గది లోపలే, రాకుల కన్నా ఎత్తున, నడవా మధ్యలో.

ఎందుకు కొలవలేదని ఘోషాల్ గారు అడిగారు. అడుగుతారని రాత్రంతా అనుకుంది. జవాబూ అనుకుంది. తీరా అడిగేసరికి ఆ జవాబు గొంతు దిగిపోయి, దాని బదులు ఇంకోటి వచ్చింది.

"టైం చాలలేదు సార్. సెలవుల్లోపల పూర్తి చెయ్యాలని తొందరపడ్డాను."

ఘోషాల్ గారు కోప్పడతారనుకుంది, ప్రాజెక్టు తీసేస్తారనుకుంది. ఆయన మెచ్చుకున్నారు. తప్పు చెయ్యనివాళ్లు ఉండరనీ, ఒక అటెండర్ మీదికి నెట్టేసి చేతులు దులుపుకునే అవకాశం ఉండి కూడా వచ్చి ఒప్పుకునేవాళ్లను తన సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చనీ ఇంగ్లీషులో అన్నారు. ఢిల్లీకి తానే ఉత్తరం రాస్తానన్నారు. విల్‌ఫ్రెడ్ గారు కూడా తల ఊపారు. చెంప మీద కొట్టి ఉంటే దేవమణి తట్టుకునేది. ఇలా జ్ఞానరత్నం ఎదుట, ఆమె వింటుండగా, నిజాయితీపరురాలనిపించుకోవడం తట్టుకోవడం కష్టమైంది. జ్ఞానరత్నానికి ఇంగ్లీషు అంత రాదు. మెచ్చుకుంటున్నారని మాత్రం తెలిసింది. ఆమె మొహం విప్పారింది. మేనకోడలికి ప్రైజు ఇచ్చిన రోజుల్లో స్కూలు గేటు దగ్గర నిలబడి ఎలా మురిసిపోయేదో అలా మురిసిపోయింది. అది చూసి దేవమణి కళ్లు తిప్పేసుకుంది.

అక్కడితో అందరూ లేచిపోతే ఎంత బాగుండేది. విల్‌ఫ్రెడ్ గారు లేవలేదు. టైపు కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని దాన్నీ జ్ఞానరత్నాన్నీ మార్చి మార్చి చూశారు. ఆయనకు వచ్చిన సందేహం ఎవరికైనా వచ్చేదే. పెట్టె ఆగలేదు, ప్లగ్గు ఊడలేదు. మరి ఈమె తాను పీకానని ఎందుకు ఒప్పుకుంది? చెయ్యని తప్పు నెత్తిన వేసుకోవడానికి ఈమెకు ఏం పని పట్టింది? బెంగాలీలో అడిగారు. ఎవరైనా అలా చెప్పమన్నారా, ఎవరినైనా కాపాడాలనుకున్నావా అని మళ్లీ అడిగారు. ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది.

విల్‌ఫ్రెడ్ గారి గొంతులో మెత్తదనం పోయింది. విచారణలో అబద్ధపు వాంగ్మూలం ఇవ్వడం ప్లగ్గు పీకడం కంటే పెద్ద తప్పన్నారు. కారణం చెబితే సరే, చెప్పకపోతే ఇలాంటి మనిషిని పర్మనెంట్ చెయ్యమని తాను సిఫారసు రాయలేనన్నారు. దేవమణికి అప్పుడు తెలిసింది, తాను చెప్పిన సగం నిజం అత్తను ఒడ్డున పడెయ్యలేదని, ఇంకా లోతుకు తోసిందని. మిగతా సగం తన దగ్గరే ఉంది.

ఘోషాల్ గారు అంతదాకా ఏదో ఆలోచిస్తున్నవారు తలెత్తారు. ఆయనకు అనుమానం కాదు, ఊరికే తట్టింది.

"మీరిద్దరూ తెలుగువాళ్లే కదూ? ఈ మేడం నీకేమైనా అవుతుందా?" అని జ్ఞానరత్నాన్ని అడిగారు.

జ్ఞానరత్నం తలెత్తింది. మొదటిసారి ఆయన కళ్లలోకి సూటిగా చూసింది. ఆలోచించుకోను కూడా లేదు.

"చిని నా, సార్," అంది.

తెలియదని. ఈమె ఎవరో తానెరగనని. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన దేవమణికి ఆ బెంగాలీ మాటకు అర్థం వెతుక్కోనక్కర్లేదు. జడ వేసిన చేతులు, తినిపించిన చేతులు కొంగులో ముడుచుకుని, ఆ మనిషి ఆమెను ఎరగనని చెబుతోంది. తలుపు అవతలి నుంచి తాను చేసిన పనే అత్త ఇప్పుడు ఎదుటపడి, ఇద్దరు ఆఫీసర్లు వినేలా చేస్తోంది. కాకపోతే తాను తనకోసం చేసింది, ఆమె కూడా దేవమణి కోసమే చేస్తోంది. సిగ్గు అనేదానికి ఒక అడుగు ఉంటుందని ఇంతసేపూ అనుకుంది దేవమణి. లేదని తెలిసింది.

విల్‌ఫ్రెడ్ గారు నిట్టూర్చి కలం తీశారు. జ్ఞానరత్నం పేరు ఎదురుగా ఏదో రాయబోతూ, పద్ధతి కోసం ఆఖరిసారి అడుగుతున్నట్టు, దేవమణి వైపు తిరిగారు.

"మీకు ఈమె తెలుసా మేడం?"

"తెలుసు సార్," అంది దేవమణి.

కలం ఆగింది. ఘోషాల్ గారు కుర్చీలో ముందుకు జరిగారు.

"ఎలా తెలుసు?"

లైబ్రరీలో పనిచేస్తుంది కదా సార్, రోజూ చూస్తుంటాను. ఇంత అంటే చాలు. ఎవరూ ఇంకేమీ అడగరు. అది అబద్ధం కూడా కాదు. ఆ మాట నాలుక చివరికి వచ్చి కూర్చుంది. బల్లకు అవతల జ్ఞానరత్నం ఆమెనే చూస్తోంది. అదే అనమని, అంతే అనమని, ఎవరికీ తెలియకుండా తల ఆడిస్తూ బతిమాలుతోంది. దేవమణి ఏ మాట అందో వచ్చే వారం.